నమ్మి అప్పగించిన పని



పంద్రాగస్టు నాడు బడి మైదానంలో, జెండా కర్ర దగ్గర, మెడలో స్కార్ఫ్ కట్టుకుని వరసగా నిలబడ్డ పిల్లల్ని మీరందరూ చూసే ఉంటారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో భక్తులకు దారి చూపిస్తూనో, పుష్కర ఘాట్లలో ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని మెట్లు దించుతూనో కూడా కనబడి ఉంటారు. వాళ్లు స్కౌట్లు, గైడ్లు. మనకు కనబడేది ఆ యూనిఫాం, ఆ మూడు వేళ్ల సెల్యూట్. కానీ వాళ్లు స్కౌట్లుగా తయారయ్యేది మనకు కనబడని చోట. వారానికోసారి బడి వదిలాక చెట్టు కింద కలుసుకునే ఒక చిన్న బృందంలో తయారవుతారు. ఆరుగురో, ఎనిమిది మందో ఉండే ఆ బృందం గురించే ఈరోజు నా ప్రసంగం.

స్కౌటింగ్ వల్ల పిల్లలకు క్రమశిక్షణ వస్తుందనీ, ధైర్యం వస్తుందనీ, సేవాభావం వస్తుందనీ సభల్లో వింటూ ఉంటాం. నిజమే, వస్తాయి. అయితే ఎలా వస్తాయన్నది ఎవరూ విడమరచి చెప్పరు. నాకు అర్థమైనంతవరకు దాని కీలకం ఒక్కటే. పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వాలి. ఆ పని మంచిచెడ్డలు వాళ్లకే వదిలెయ్యాలి. పెద్దవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరగాలి. నూరేళ్లకు పైగా స్కౌటింగ్ చేస్తూ వచ్చింది ఇదే. అది ఎక్కడ ఇలా చేసిందో అక్కడ పిల్లలు ఎదిగారు. ఎక్కడ మరిచిపోయిందో అక్కడ యూనిఫాం ఒక్కటే మిగిలింది.

ఈ కథ దక్షిణాఫ్రికాలో మొదలైంది. 1899 అక్టోబరులో బ్రిటిష్ వాళ్లతో యుద్ధానికి దిగిన బోయర్ సైన్యం మాఫెకింగ్ అనే చిన్న పట్నాన్ని చుట్టుముట్టింది. ముట్టడి 217 రోజులు సాగింది. లోపల ఉన్న బ్రిటిష్ దళానికి అధిపతి రాబర్ట్ బేడెన్ పవెల్. సైనికులు చాలరు. అందుకని ఊళ్లోని మగపిల్లలతో ఒక కేడెట్ దళం కట్టారు. ఆ పిల్లలు ఒక స్థావరం నుంచి మరో స్థావరానికి కబుర్లు మోశారు, కాపలా కాశారు, ఆసుపత్రిలో సాయపడ్డారు. మొదట గాడిదల మీద, తరవాత సైకిళ్ల మీద తిరిగారు. అది సామ్రాజ్యం కోసం జరిగిన యుద్ధం. ఆ ముట్టడిలో నల్లజాతి ప్రజలు తిండి లేక అలమటించారు. పిల్లల్ని ఫిరంగి గుండ్ల మధ్యకు పంపడాన్ని ఈనాడు మనం మెచ్చుకోనక్కర లేదు. అయితే బేడెన్ పవెల్ అక్కడ ఒక సంగతి గమనించారు. పని నిజమైనదైతే, తమ మీద ఎవరో ఆధారపడి ఉన్నారని తెలిస్తే, పిల్లలు ఆ పనికి తగిన మనుషులవుతారు.

ఆయన ఇంగ్లండు తిరిగి వెళ్లేసరికి మరో వింత కనబడింది. సైనికుల కోసం ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని, దారులు గుర్తుపట్టడం, పరిసరాలు గమనించడం గురించి రాసినదాన్ని, పిల్లలు చదువుకుంటున్నారు, ఆటలుగా ఆడుకుంటున్నారు. దాంతో యుద్ధం సంగతి పక్కన పెట్టి, శాంతికాలంలో పిల్లలకు పనికివచ్చేలా ఆ విద్యను మార్చాలన్న ఆలోచన ఆయనకు బలపడింది. 1907 ఆగస్టు మొదటి వారంలో, ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవై మంది పిల్లలతో క్యాంపు వేశారు. అందులో సగం మంది పేరుమోసిన బడుల్లో చదివే సంపన్నుల పిల్లలు. మిగిలినవాళ్లు చుట్టుపక్కల పట్నాల్లో కష్టజీవుల పిల్లలు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆ రెండు వర్గాల పిల్లలు ఒక గుడారంలో పడుకోవడం, ఒక కుండలో వండుకు తినడం మామూలు విషయం కాదు. వాళ్లను పాట్రోళ్లు అనే నాలుగు చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కో పాట్రోల్‌కు ఒక పిల్లవాడినే నాయకుడిని చేశారు. ఆ పాట్రోల్ నడవడికకు ఆ పిల్లవాడే జవాబుదారు.

మరుసటి ఏడాది, 1908లో, బేడెన్ పవెల్ పిల్లల కోసం రాసిన స్కౌటింగ్ పుస్తకం పక్షానికి ఒకటి చొప్పున ఆరు భాగాలుగా వెలువడింది. తరవాత జరిగింది ఆయన కూడా ఊహించలేదు. పిల్లలు తమ చిల్లర డబ్బులతో ఆ భాగాలు కొనుక్కున్నారు. ఎవరూ చెప్పకుండానే వీధివీధినా తమంతట తామే పాట్రోళ్లు కట్టుకున్నారు. ఆ తరవాత పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి, మాకు స్కౌట్ మాస్టరుగా ఉండండి అని అడిగారు. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మేళాకు పదివేల మందికి పైగా వచ్చారు. అక్కడ కొందరు ఆడపిల్లలు కూడా స్కౌట్ టోపీలు పెట్టుకుని, పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, మేమూ స్కౌట్లమే అన్నారు. మరుసటి ఏడాదే గైడ్ల ఉద్యమం మొదలైంది. ఈనాడు 170కి పైగా దేశాల్లో కోట్ల మంది ఉన్న ఈ ఉద్యమాన్ని మొదట్లో పిల్లలే కట్టుకున్నారన్నది మనం గుర్తుంచుకోవలసిన మాట.

మరి మన దేశం సంగతి? ఇక్కడి చరిత్ర అంత తేలికగా సాగలేదు. 1909లో బెంగళూరులో మొదటి స్కౌట్ ట్రూప్, అంటే కొన్ని పాట్రోళ్లు కలిసిన దళం, మొదలైంది కానీ అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే. మన పిల్లలను చేర్చుకోలేదు. పాలకులకు అనుమానం. దారులు వెతకడం, దళాలుగా కదలడం నేర్చుకున్న భారతీయ యువకులు రేపు ఏం చేస్తారోనన్న భయం. మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1916 ప్రాంతంలో మద్రాసులో అనీబిసెంట్, జార్జ్ అరండేల్ భారతీయ పిల్లల కోసం వేరే స్కౌట్ సంఘం స్థాపించారు. అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ 1918లో సేవా సమితి స్కౌట్ సంఘాన్ని నిలబెట్టారు. బ్రిటిష్ వాళ్లు నేర్పనన్న విద్యను మనవాళ్లు తమ అవసరానికి తగ్గట్టు తామే నేర్చుకున్నారు. తీర్థయాత్రల్లో, మేళాల్లో జనానికి సేవ చెయ్యడం ఆ సంఘాలకు ప్రాణం. ఈనాడు పుష్కరాల్లో మన పిల్లలు చేసే సేవకు మూలం అక్కడ ఉంది.

1921లో బేడెన్ పవెల్ భారతదేశానికి వచ్చినప్పుడు అనీబిసెంట్ సంఘం ఆయన సంస్థలో కలిసింది. సేవా సమితి మాత్రం విడిగానే ఉండిపోయింది. 1937లో ఆయన మళ్లీ వచ్చి వెళ్లాక భారతీయుల శీలం గురించి చేసిన వ్యాఖ్యలు మనవాళ్ల మనసును గాయపరిచాయి. చాలామంది ఆ సంస్థనుంచి బయటికి వచ్చారు. 1938లో హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. ఇక్కడ మనవాళ్ల పరిణతి చూడండి. స్థాపకుడి మాటను తిరస్కరించారు. ఆయన చూపించిన పద్ధతిని వదల్లేదు. పిల్లలను నమ్మమని చెప్పిన మనిషే ఒక జాతిని నమ్మలేకపోయాడు. ఆ జాతి పిల్లలు ఆ పద్ధతినే ఆచరించి తమ శీలమేమిటో చూపించారు. స్వాతంత్ర్యం వచ్చాక విడివిడిగా ఉన్న సంఘాలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక్కటయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా వచ్చి చేరింది. ఆ కొత్త సంస్థ మొదటి జాతీయ జాంబొరీ, అంటే స్కౌట్ల పెద్ద మేళా, 1953లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు, భాష తెలియని పిల్లలు, ఒకే మైదానంలో గుడారాలు వేసుకుని కలిసి బతికారు.

ఇక ఆ చిన్న బృందం దగ్గరికి వద్దాం. మన దేశంలో పదేళ్ల లోపు పిల్లలు కబ్‌లు, బుల్‌బుల్‌లు. పది దాటితే స్కౌట్లు, గైడ్లు. యువతీయువకులు రోవర్లు, రేంజర్లు. స్కౌట్ ట్రూప్‌లో ముప్పై మంది ఉన్నా అసలు పని జరిగేది పాట్రోల్‌లోనే. ఆరుగురు నుంచి ఎనిమిది మంది. వాళ్లలో ఒకరు పాట్రోల్ లీడర్, ఒకరు లీడరుకు తోడుగా ఉండే సెకండ్. ఒకరు సామాను చూసుకుంటారు. ఒకరు లెక్కలు రాస్తారు. ఒకరి దగ్గర ప్రథమ చికిత్స పెట్టె ఉంటుంది. ప్రతి పాట్రోల్‌కు ఒక జంతువు పేరో, పక్షి పేరో, సొంత జెండా, సొంత కేక ఉంటాయి. పాట్రోల్ లీడర్లందరూ స్కౌట్ మాస్టరుతో కూర్చుని వచ్చే నెల ఏం చెయ్యాలో నిర్ణయిస్తారు. ఎవరైనా తప్పు చేస్తే ఆ విషయం కూడా అక్కడే తేలుతుంది. పదమూడేళ్ల పిల్ల తన తోటివాళ్ల తరఫున పెద్దవాళ్ల ముందు కూర్చుని, మా పాట్రోల్‌కు ఈసారి హైక్ వద్దు, ఇద్దరికి ఒంట్లో బాగాలేదు అని చెప్పగలిగిందంటే, ఏ పౌరశాస్త్ర పాఠమూ నేర్పలేని ప్రజాస్వామ్యం ఆ పిల్లకు అబ్బింది.

స్కౌట్లకు నేర్పే విద్యలను చూసి కొందరు పెదవి విరుస్తారు. ఈ కాలంలో తాడు ముళ్లు దేనికండీ అంటారు. ముడిని కాస్త దగ్గరగా చూద్దాం. రీఫ్ నాట్ గాయానికి కట్టు కట్టేటప్పుడు వేస్తారు. చదునుగా ఉంటుంది, ఒంటిమీద ఒత్తదు, విప్పాలంటే ఇట్టే వస్తుంది. బోలైన్ వేసిన ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు. బావిలో పడ్డ మనిషి నడుముకు వేసి పైకి లాగితే ఊపిరి ఆడుతుంది. షీట్ బెండ్ సన్నపు తాడును లావుపాటి తాడుతో కలుపుతుంది. క్లోవ్ హిచ్‌తో కర్రను కర్రకు కట్టడం మొదలుపెడతారు. అలా కట్టిన కర్రలతోనే గిన్నెలు పెట్టుకునే అటకలు, చిన్న వాగు దాటే వంతెనలు తయారవుతాయి. పశువును కట్టే రైతుకు, వల అల్లే జాలరికి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి ఈ విద్య ఎప్పటినుంచో తెలుసు. వాళ్ల పిల్లలు బడికి వచ్చాక దాన్ని మరిచిపోతున్నారు. ముడి గురించి నాకు నచ్చేది మరొకటి ఉంది. సరిగ్గా వెయ్యకపోతే జారిపోతుంది. దానికి మార్కులు వేసే మనిషి అక్కర్లేదు. వంతెన కూలితే ఎందుకు కూలిందో కట్టినవాడికే తెలుస్తుంది. మాటలతో దాన్ని సర్దిచెప్పడానికి వీల్లేదు.

గమనించే విద్య కూడా అలాంటిదే. ఇరవై నాలుగు వస్తువులు ఒక పళ్లెంలో పెట్టి ఒక నిమిషం చూపిస్తారు. తరవాత గుడ్డ కప్పేస్తారు. ఎన్ని గుర్తున్నాయో రాయాలి. మొదటిసారి సగం కూడా రావు. నాలుగు వారాలయ్యేసరికి వస్తువులే కాదు, గుండీకి ఎన్ని రంధ్రాలున్నాయో, పెన్సిల్ ఏ వైపు చెక్కి ఉందో కూడా చెబుతారు. తన అడుగు పొడవు, తన జానెడు కొలత తెలిసిన పిల్లవాడు టేపు లేకుండా గది కొలుస్తాడు. నీడను బట్టి చెట్టు ఎత్తు చెబుతాడు. రాత్రి ఆకాశంలో సప్తర్షులను పట్టుకుని ఉత్తరం ఎటో చూపిస్తాడు. ఇవన్నీ ఫోన్‌లో దొరుకుతాయి, నిజమే. కానీ చూడడం అలవాటైన కళ్లు మనుషులను కూడా చూస్తాయి. తరగతిలో ఎవరు అన్నం తెచ్చుకోలేదో, ఎవరు రెండు రోజులుగా మాట్లాడడం లేదో ముందుగా పసిగట్టేది ఆ కళ్లే.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గైడ్లు వేసిన క్యాంపు చూడడానికి వెళ్లాను. మామిడితోటలో మూడు గుడారాలు. వర్షం వస్తే నీళ్లు లోపలికి రాకుండా గుడారం చుట్టూ పిల్లలే చిన్న కాలువ తవ్వుకున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి పాట్రోల్ లీడర్. ఇద్దరిని నీళ్లకు, ఇద్దరిని కట్టెలకు పంపింది. ఇద్దరు కూరలు తరుగుతున్నారు. అన్నం బాధ్యత తాను తీసుకుంది. ఎసరు తక్కువైందని చూస్తూనే నాకు తెలిసిపోయింది. చెప్పబోతుంటే పక్కనున్న గైడ్ కెప్టెన్, ఆ బడి లెక్కల టీచరుగారు, ఆగండి, వాళ్లే చూసుకుంటారు అన్నారు. అన్నం పలుకయింది. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడా అమ్మాయి, నీళ్లు పోసింది నేనే, ఈ పూట పప్పు నీళ్లు ఎక్కువ కలుపుకుని తినేద్దాం, రాత్రికి గ్లాసుతో కొలిచి పోస్తాను అంది. అంతే. ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా నెట్టలేదు. రాత్రి అన్నం పొడిపొడిగా వచ్చింది. ఆ టీచరుగారు మధ్యాహ్నం ఒక మాట చెప్పి ఉంటే అన్నం ఉడికేది. కానీ ఆ పిల్ల ఆ మాట అనే అవకాశం పోయేది.

శీలమంటే నాకు తోచినంతలో ఆ అమ్మాయి అన్న ఆ మూడు మాటలే. జరిగింది నా వల్లే అని ఒప్పుకోవడం, అందరికీ అప్పటికి దారి చూపించడం, మళ్లీ జరగకుండా ఉపాయం ఆలోచించడం. ఇది నీతి పద్యాలు అప్పజెప్పించి రాబట్టగలిగేది కాదు. నారుమడిలోనే ఉంచేస్తే ఏ నారూ దుబ్బు కట్టదు. తీసి చేలో నాటాలి, నాలుగు రోజులు వాడినట్టు కనబడినా ఓర్చుకోవాలి. ఆ ఓర్పు పెద్దవాళ్లకు ఉండవలసిన గుణం. స్కౌటింగ్‌లో అసలు శిక్షణ పిల్లల కంటే ముందు పెద్దలకు కావలసింది ఇందుకే.

క్యాంపులో వంట గురించి మరో మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మన సమాజంలో ఎవరు ఎవరింట్లో తింటారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారు అన్న లెక్కలు ఎంత లోతుగా ఉన్నాయో మీకు తెలుసు. స్కౌట్ నియమాల్లో ఒకటి, స్కౌట్ అందరికీ మిత్రుడు, ప్రతి స్కౌట్‌కూ సోదరుడు అని చెబుతుంది. ఆ నియమాన్ని గోడ మీద రాస్తే ఏమీ జరగదు. ఏ కులం పిల్లలైనా ఒకే పొయ్యి మీద, ఒకే గిన్నెలో వండుకుని, వంతులవారీగా గిన్నెలు తోముకున్నప్పుడు అది నిజమవుతుంది. ఎవరు తోమాలో పుట్టుక నిర్ణయించదు, వంతు పట్టిక నిర్ణయిస్తుంది. మగపిల్లవాడు కూడా అన్నం వండాలి, తన బట్టలు తాను ఉతుక్కోవాలి. ఇంటికి వెళ్లాక అమ్మ కష్టం ఏమిటో వాడికి అర్థమవుతుంది. జీవన నైపుణ్యాలంటే ఇంతకంటే వేరేమీ లేవు.

ఇక డబ్బు. స్కౌట్ పొదుపరి కావాలన్నది మరో నియమం. మంచి ట్రూపులలో పాట్రోల్‌కు సొంత నిధి ఉంటుంది. పాత కాగితాలు అమ్మో, మొక్కల నారు పెంచి అమ్మో పిల్లలే కూడబెడతారు. దానితో తాడు కొనాలా, లాంతరు కొనాలా అని వాళ్లే తేల్చుకుంటారు. లెక్క రాసే పిల్లవాడు ప్రతి పైసాకూ నలుగురి ముందు సమాధానం చెప్పాలి. ప్రజల సొమ్ముకు లెక్క చెప్పాలన్న అలవాటు పన్నెండేళ్లకే పడితే, ఆ పిల్లవాడు రేపు సర్పంచ్ అయినా, ఇంజనీరు అయినా ఆ అలవాటు వాడి వెంటే ఉంటుంది.

రోజుకొక మంచి పని అన్న మాట కూడా మీరు వినే ఉంటారు. గుడ్ టర్న్ అంటారు. చిన్నదే కావచ్చు. అయినా ఎవరూ అడగకుండా చెయ్యాలి, ప్రతిఫలం తీసుకోకూడదు. దీని వెనక ఒక మంచి ఆలోచన ఉంది. దయ అన్నది సందర్భం వచ్చినప్పుడు పుట్టుకొచ్చే భావం అనుకుంటాం మనం. స్కౌటింగ్ దాన్ని పళ్లు తోముకోవడం లాగా రోజువారీ అలవాటులోకి తెస్తుంది. ఇక స్కౌట్ ప్రతిజ్ఞలో మూడు మాటలున్నాయి: దైవానికీ, దేశానికీ చెయ్యవలసిన విధి చెయ్యడం, తోటి మనుషులకు సాయపడడం, స్కౌట్ నియమాలు పాటించడం. మూడు వేళ్ల సెల్యూట్ ఆ మూడింటికి గుర్తు. ఆ ప్రతిజ్ఞను పిల్లవాడు తన గౌరవం మీద చేస్తాడు, తన శక్తికొద్దీ ప్రయత్నిస్తానంటాడు. ఫస్టు రావాలని ఎవరూ అడగరు. నీకు చేతనైనంత చెయ్యమని అడుగుతారు. ర్యాంకుల మధ్య నలిగే మన పిల్లలకు ఈ ఒక్క మాట ఎంత ఊరటో ఆలోచించండి.

ఇదంతా పెద్దయ్యాక నిలుస్తుందా అన్న సందేహం రావచ్చు. బ్రిటన్‌లో 1958లో పుట్టినవాళ్లలో దాదాపు 10 వేల మందిని జీవితమంతా గమనిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. దానిలోని సమాచారాన్ని ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. చిన్నప్పుడు స్కౌట్లుగానో, గైడ్లుగానో ఉన్నవాళ్లకు యాభై ఏళ్ల వయసులో ఆందోళన, మానసిక కుంగుబాటు వంటి సమస్యలు వచ్చే అవకాశం మిగిలినవాళ్ల కంటే 15 శాతం తక్కువగా కనబడింది. సాధారణంగా పేదరికంలో పెరిగినవాళ్ల మానసిక ఆరోగ్యం కలిగినవాళ్ల కంటే దెబ్బతిని ఉంటుంది. స్కౌటింగ్‌లో ఉన్నవాళ్లలో ఆ తేడా కూడా తగ్గినట్టు తేలింది. ఇలాంటి అధ్యయనం ఒక సంబంధాన్ని చూపిస్తుంది, అంతా స్కౌటింగ్ వల్లే అని రుజువు చెయ్యదు. అయినా బ్రౌన్‌సీ దీవిలో కలిగినవాళ్ల పిల్లలనూ, లేనివాళ్ల పిల్లలనూ ఒక గుడారంలో పెట్టిన ఆలోచన వృథా కాలేదని నాకు అనిపిస్తుంది.

మరి మన బడుల్లో ఏం జరుగుతోంది? బాధతోనే చెబుతున్నాను. చాలాచోట్ల స్కౌటింగ్ అంటే అతిథులకు స్వాగతం చెప్పే వరసగా మిగిలిపోయింది. మంత్రిగారు వచ్చేదాకా పిల్లలు ఎండలో నిలబడతారు. ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్ అని మెట్లున్నాయి, ఆపైన రాష్ట్రపతి పురస్కారం ఉంది. ఒక్కో మెట్టూ ఎక్కాలంటే నెలల తరబడి పని చెయ్యాలి. కొన్నిచోట్ల పరీక్ష ముందు వారం రోజుల్లో లాగ్‌బుక్ నింపేస్తారు. ఒకరు రాసింది అందరూ ఎక్కిస్తారు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్ కోటా ఉంది కాబట్టి సర్టిఫికెట్ చాలంటారు. ఉద్యోగం ఆశించడంలో తప్పు లేదు. కానీ చెయ్యని సేవను చేసినట్టు రాయించిన రోజున ఆ పిల్లవాడికి మనం నేర్పింది అబద్ధం. నిజాయితీ మొదటి నియమంగా ఉన్న ఉద్యమంలో అంతకంటే పెద్ద నష్టం ఏముంది?

రెండో సమస్య తీరిక లేకపోవడం. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలకు అన్నీ అమరుస్తారు. ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఏ లెక్క చెయ్యాలో ఎవరో చెబుతారు. ఏ నిర్ణయమూ వాళ్లది కాదు. పద్దెనిమిదేళ్లకు బయటికి వచ్చి, హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఒక గదిలో ఒంటరిగా దిగినప్పుడు, ఒక్క చిన్న వైఫల్యం కూడా వాళ్లకు కొండలా కనబడుతోంది. చిన్నప్పుడు అన్నం పలుకయితే ఏం చెయ్యాలో నేర్చుకోని పిల్లలకు, ఫెయిలైతే ఏం చెయ్యాలో ఎలా తెలుస్తుంది?

తల్లిదండ్రుల భయం మూడోది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అమెరికాలో, దశాబ్దాలుగా పిల్లల మీద లైంగిక అత్యాచారాలు జరిగాయన్న కేసులతో బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. ఆ విచారణలో 80 వేలకు పైగా ఫిర్యాదులు దాఖలయ్యాయి. పిల్లలను నమ్మాలి. పెద్దవాళ్లను మాత్రం నిఘాలో ఉంచాలి. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ, పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకూడదు. క్యాంపులో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, గైడ్ల వెంట మహిళలు ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం, క్యాంపు చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి. ఈ ప్రశ్నలు అడగండి. మొహమాటపడకండి. సరైన జవాబు చెప్పగలిగిన ట్రూపుకు పిల్లల్ని ధైర్యంగా పంపండి.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒకటి. మీ బడిలో స్కౌట్ ట్రూప్ ఉంటే వారానికి ఒక పూట దానికి కచ్చితంగా కేటాయించండి. డ్రిల్లు తగ్గించండి. ప్రతి పాట్రోల్‌కు బడిలో ఒక నిజమైన బాధ్యత ఇవ్వండి. ఒకరికి మొక్కలు, ఒకరికి తాగునీళ్ల ట్యాంకు శుభ్రత, ఒకరికి ప్రథమ చికిత్స పెట్టె. పాము కరిస్తే కోతపెట్టకూడదనీ, నోటితో పీల్చకూడదనీ, మనిషిని కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలనీ ఆ పిల్లలకు నేర్పితే, ఆ మాట ఊరంతటికీ చేరుతుంది. తుఫాను తాకే తీరప్రాంతాల్లో ఈ పిల్లలు ముందు జాగ్రత్తలు ఇంటింటికీ చెప్పగలరు. ట్రూప్ లేకపోతే జిల్లా స్కౌట్ సంఘాన్ని అడగండి. శిక్షణ తీసుకోవడానికి మీ బడిలో ఒక్క టీచరు ముందుకు వస్తే చాలు, అక్కడి నుంచి పని మొదలవుతుంది.

ఒకప్పుడు స్కౌట్లుగా, గైడ్లుగా ఉండి ఈ ప్రసంగం వింటున్నవాళ్లు ఎంతోమంది ఉంటారని నాకు తెలుసు. మీలో కొందరు పదవీ విరమణ చేసి ఊళ్లో ఉన్నారు, కొందరు దూరదేశాల్లో ఉన్నారు. మీ ఊరి బడికి డబ్బు పంపడం మంచిదే. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక శనివారం వెళ్లి ఆ పిల్లలతో నడవండి. మీకు గుర్తున్న ముడి ఒకటి నేర్పండి. స్కౌట్ మాస్టరుకు తోడుగా నిలబడండి. ఈ ఉద్యమానికి ఎప్పుడూ కొరతగా ఉన్నది పెద్దవాళ్ల సమయమే.

ట్రూప్ లేని ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు కూడా ఈ వారమే ఒక పని చెయ్యవచ్చు. మీ పన్నెండేళ్ల బిడ్డకు ఇంట్లో ఒక బాధ్యత పూర్తిగా అప్పగించండి. నెలసరి కరెంటు బిల్లు కట్టడం కావచ్చు, ఆదివారం వంట కావచ్చు, తాతగారి మందుల వేళలు చూడడం కావచ్చు. మందుల విషయంలో ఒక కన్ను వేసి ఉంచండి. మిగిలిన వాటిలో మధ్యలో చెయ్యి పెట్టకండి. మొదటిసారి తప్పుతారు. రెండోసారి తడబడతారు. మూడోసారి మీకంటే బాగా చేస్తారు. పిల్లలు మంచివాళ్లు కావాలని మనమందరం కోరుకుంటాం. ఆ కోరిక తీరాలంటే వాళ్లను ముందుగా నమ్మవలసింది మనమే.